బెల్లం ఉండలో ఎంత మందు

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు మొదట యంత్రాల గురించి అడుగుతారు. ఏ యంత్రం వాడేవారు, ఎంత సూక్ష్మంగా కొలిచేది అని. యంత్రాల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. నమూనా యంత్రం దగ్గరికి చేరే ముందు జరిగే పని గురించి, అంకె యంత్రంలోంచి బయటికి వచ్చాక జరగవలసిన పని గురించి మాత్రం పుస్తకాల్లో తక్కువ రాస్తారు. నాకు తెలిసినంతలో ఆ రెండింటినీ ఇక్కడ రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, సన్మానాల ప్రసక్తి ఇందులో లేదు. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

1982లో నేను నరసరావుపేటలో ఒక ధర్మాసుపత్రి ప్రయోగశాలలో ఔషధ విశ్లేషకురాలిగా చేరాను. మాకు రెండు రకాల నమూనాలు వచ్చేవి. మొదటిది మాత్రలు. పెట్టె మీద రాసినంత మందు మాత్రలో ఉన్నదా లేదా అన్నది చూడాలి. రెండవది రక్తం. మింగిన మందులో ఎంత భాగం రక్తంలోకి చేరిందో చూడాలి. మొదటి పని ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. రెండవది చేతికి పట్టుబడడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మాత్రలో మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. రక్తంలోకి వచ్చేసరికి మైక్రోగ్రాములవుతుంది. మూర్ఛలు రాకుండా ఇచ్చే ఫెనిటోయిన్ అనే మందునే తీసుకుందాం. ఒక మిల్లీలీటరు రక్తరసంలో అది పది నుంచి ఇరవై మైక్రోగ్రాముల వరకు ఉండాలి. పదికి తగ్గితే మూర్ఛలు ఆగవు. ఇరవై దాటితే చూపు చెదురుతుంది, నడక తూలుతుంది. ఇంకా పెరిగితే మందే జబ్బవుతుంది. పది మైక్రోగ్రాములు ఎంతో ఊహకు అందాలంటే ఒక జొన్నగింజను మూడు వేల ముక్కలు చేసినట్లు అనుకోండి. అందులో ఒక్క ముక్క.

ఆ ముక్కను రక్తంలోంచి బయటికి తీయడమే మా పని. రక్తరసాన్ని క్లోరోఫాంతో కలిపి, అడుగున కుళాయి ఉన్న గాజుబుడ్డిలో ఊపుతాము. మందు క్లోరోఫాంలోకి వస్తుంది. రక్తంలోని మిగతా సరుకు చాలావరకు పైపొరలో ఉండిపోతుంది. కిందికి దిగిన క్లోరోఫాంను వేరుచేసి కాస్టిక్ సోడా నీళ్ళతో మళ్ళీ ఊపితే మందు ఆ నీళ్ళలోకి మారుతుంది. దానికి పర్మాంగనేటు చేర్చి కాస్తే మందు మరో పదార్థమవుతుంది. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని ఆ పదార్థం బాగా పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకున్నదో యంత్రం చెబుతుంది. దాన్నిబట్టి మందు ఎంతో మేము లెక్క కడతాము.

చదవడానికి ఇది ఒక పేరా. చేయడానికి ఒక పూట. గాజుబుడ్డిని గట్టిగా ఊపితే రెండు పొరలూ కలిసి మీగడలా ముద్దకట్టేవి. ఇక ఆ నమూనా చెడినట్టే. రోగి చేతిలోంచి మళ్ళీ రక్తం తీయవలసి వచ్చేది. ఈ పనికి మజ్జిగ చిలికే చెయ్యి పనికిరాదు, ఊయల ఊపే చెయ్యి కావాలి. నాకా తేడా తెలిసేలోపు ఎన్ని నమూనాలు ముద్దకట్టాయో నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

నీళ్ళూ, కరెంటూ

పల్నాటి బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. బట్టి పెట్టి నీటిని ఆవిరిచేసి చల్లార్చి వాడుకునేవాళ్ళం. వారం తిరిగేసరికి బట్టి లోపల తెల్లని పెచ్చు కట్టేది. దాన్ని ఆమ్లంతో కడగడం నా పని. కడగడం ఒక్కరోజు ఆలస్యమైతే, మందు వేయని ఉత్త నమూనాలో కూడా యంత్రం ఏదో ఒక అంకె చూపించేది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే అంకె కంటే ప్రమాదకరమైనది ఈ వృత్తిలో లేదు.

కరెంటు సంగతి సరేసరి. యంత్రం దీపం స్థిరంగా వెలిగితేనే అంకె స్థిరంగా ఉంటుంది. మా గదిలో పంకా ఒకటి ఉండేది. దాని చప్పుడు మారకుండా ఉంటే కరెంటు నిలకడగా ఉన్నట్టు. చప్పుడు మారిందంటే చేతిలో ఉన్నది కింద పెట్టి కూర్చోవడమే. వేసవి మధ్యాహ్నాల్లో పంకా కింద కూర్చుని గాలికోసం కాక చప్పుడుకోసం చెవి రిక్కించిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వెంకటప్పయ్య గారు

మా ప్రయోగశాల అధికారి వెంకటప్పయ్య గారు. నేను చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. వారానికొకసారి, ఏ రోజో చెప్పకుండా, నా నమూనాల మధ్య తాను తయారుచేసిన ఒక నమూనాను పెట్టేవారు. దానిలో మందు ఎంత ఉన్నదో ఆయనకే తెలుసు. సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చునేవారు.

"సుగుణమ్మా, మూడోది ఎంతొచ్చింది?"

"పదకొండున్నర అండి."

"దాంట్లో నేను పన్నెండు వేశాను. మిగతా అర ఏమైంది?"

"గాజుకు అంటుకుపోయిందేమోనండి."

"ఏమో అనేది అంకె కాదమ్మా. ఎంత అంటుకుందో చెప్పు."

మరునాడు తెలిసినంత మందు తెలిసిన నీళ్ళలో వేసి, మొదటినుంచి చివరిదాకా చేసి, ఎంత తిరిగి వస్తున్నదో కొలిచేదాన్ని. నూరు వేస్తే తొంభై ఆరు వచ్చేది. పోయిన ఆ నాలుగును లెక్కలో కలపడం అప్పుడే నేర్చుకున్నాను.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఆయనతో పనిచేయడం సుఖంగా ఉండేది కాదు. ప్రతి నమూనానూ రెండుసార్లు చేయకుండా సంతకం పెట్టేవారు కాదు. దానివల్ల ఫలితాలు ఆలస్యమయ్యేవి, డాక్టర్లు విసుక్కునేవారు, ఎండలో వచ్చిన రోగులు మెట్లమీద కూర్చుని ఎదురుచూసేవారు. కొన్నిసార్లు అది అనవసరమని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. మెచ్చుకోలు ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. అయినా నా చేతికి నేర్పిన మనిషి ఎవరని అడిగితే వెంటనే చెప్పే పేరు ఆయనదే.

రెహానా రక్తం

1986 వేసవిలో పిడుగురాళ్ళ నుంచి ఒక పిల్ల రక్తం మూడవసారి నా బల్లమీదికి వచ్చింది. పేరు రెహానా, వయసు తొమ్మిదేళ్ళు. తండ్రి మస్తాన్ వలి లారీ మెకానిక్కు. సున్నపుబట్టీల వరుస చివర అతని షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. తల్లి పోయాక పిల్లను పెంచుతున్నది మస్తాన్ వలి తల్లి ఖాశింబీ. ఆ ఏడు వేసవి మొదట్లో పిల్ల మూర్ఛ వచ్చి అప్పుడే దించిన సున్నపురాశి మీద పడింది. చెమట తగిలిన సున్నం ఎడమ అరచేతిని కాల్చింది. ఇంకో రెండు అడుగులు అటు పడివుంటే ముఖమే కాలిపోయేదని తండ్రి చెప్పాడు.

పిల్లకు రోజుకొక ఫెనిటోయిన్ మాత్ర రాసినవారు మా ఆసుపత్రి డాక్టరు రాజారత్నం గారు. మంచి వైద్యులు, మాట మాత్రం పెళుసు. నెలనెలా మాత్రల కోసం వచ్చినప్పుడు రక్తం తీయించేవారు. మొదటి నెల నాలుగు మైక్రోగ్రాములు వచ్చింది. రెండవ నెల మూడు. ఇప్పుడు మళ్ళీ నాలుగు. ఈసారి ఫలితం నేనే స్వయంగా ఆయన గదికి తీసుకువెళ్ళాను. తండ్రి, నాయనమ్మ, పిల్ల ముగ్గురూ అక్కడే ఉన్నారు.

డాక్టరు గారు చీటీ చూసి బల్లమీద పెట్టారు. "నెలలు గడుస్తున్నాయి, అంకె నాలుగు దాటడం లేదు. మాత్రలు ఎగ్గొడుతున్నారు మీరు."

"అల్లా మీద ఒట్టు బాబూ, ఒక్కటి కూడా మానలా," అన్నది ఖాశింబీ. "మీరిచ్చినయ్యన్నీ దాని కడుపులోకే పోయినయ్యి."

"అయితే ఈమె రాసింది అబద్ధమా?" అని ఆయన నన్ను చూపించారు.

ఖాశింబీ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "ఈయమ్మ ఎవరో నాకు తెలవదు. నా మనవరాలు నాకు తెలుసు."

మస్తాన్ వలి గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, నిజం చెప్పు. నేను షెడ్డుకు పోయినాక ఇస్తన్నావా, మర్చిపోతన్నావా?"

"ఒరేయ్ మస్తాన్! నువ్వు కూడా అట్టాగే అంటన్నావా?" అని ఆమె కొడుకువైపు తిరిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది. డాక్టరు అన్న మాటకు ఆమె చలించలేదు. కొడుకు అన్న మాటకు పెదవులు బిగబట్టింది.

మస్తాన్ వలి తల దించుకుని డాక్టరు గారితో అన్నాడు. "ఒక సంగతి సార్. మందు కొత్తగా మొదలెట్టిన వారం పిల్ల తాగినోడి మాదిరి తూలుద్ది. గోడ పట్టుకుని నడుస్తది. పోను పోను తేరుకుంటది. ఆనక నెలాఖరుకు ఫిట్స్ వస్తయ్యి."

"ఫిట్స్ తర్వాత నీరసం అలాగే ఉంటుంది," అని డాక్టరు గారు మందుచీటీ తీసి, ఒకటి కొట్టివేసి రెండు రాశారు. రోజుకు రెండు మాత్రలు.

నాకు నోరు ఆగలేదు. "సార్, నాలుగు మైక్రోగ్రాములకు పిల్ల తూలదు. తూలాలంటే ఇరవై దాటాలి. ఈ రెండూ కలవడం లేదు."

"నీ అంకె తప్పని చెప్పు, రాసింది కొట్టేస్తాను. తప్పు కాదంటే నన్ను పని చేయనీ. ఇంకోసారి ఆ పిల్ల బట్టీ పక్కన పడితే నువ్వు పోయి పట్టుకుంటావా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. మందు తక్కువైతే పిల్ల సున్నంలో పడుతుంది. ఉన్నట్టుండి ఎక్కువైతే మందే పిల్లను పడేస్తుంది. రెండింటిలో ఏది నిజమో తేల్చవలసింది నా అంకె. అది తేల్చలేకపోతున్నది. చివరికి ఆయనే అన్నారు. "పిల్లను వార్డులో పెడతాను. పాత లెక్కనే, రోజుకొక మాత్ర. సోమవారం దాకా నీకు గడువు. అప్పటికి కారణం చూపించలేకపోతే రెండు మాత్రలు మొదలు."

ఆ రోజు గురువారం.

డబ్బాలో మందు

మొదట అనుమానించవలసింది మన చేతినే. రెహానా రక్తరసం కాస్త మిగిలివుంటే, అందులో తెలిసినంత మందు కలిపి మళ్ళీ చేశాను. ఎప్పుడూ పోయే ఆ నాలుగు పాళ్ళు పోను కలిపినంతా తిరిగి వచ్చింది. వెంకటప్పయ్య గారు తన వంతు ఇంకో నమూనా పెట్టారు, అదీ సరిపోయింది. కనక నాలుగు నిజమే. తర్వాత మాత్రలు. ఆసుపత్రి మందులగదిలో అదే సరుకులోంచి మాత్రలు తెచ్చి కొలిస్తే నూరు మిల్లీగ్రాములకు తొంభై ఎనిమిది వచ్చింది. మాత్రా నిజమే.

"ఇక నాకు తోచడం లేదండి," అన్నాను.

"నువ్వు కొలిచింది మన గదిలో మాత్ర," అన్నారాయన. "ఆ పిల్ల నోట్లోకి పోయేది కాదు. ఇంటి దగ్గర మిగిలింది తెప్పించు."

మస్తాన్ వలి మరునాడు పిడుగురాళ్ళ నుంచి ఒక సున్నం లారీ ఎక్కి వచ్చాడు. చొక్కా నిండా తెల్లని దుమ్ము. చేతిలో బిస్కెట్ల డబ్బా. మూత తీసి నా ముందు పెట్టాడు. అడుగున నాలుగు నల్లని ఉండలు ఉన్నాయి.

"ఇవేందయ్యా?"

"మందమ్మా."

"నేను మాత్రలు తెమ్మన్నాను."

"మాత్రలే ఇయ్యి. మా యమ్మ చేసిద్ది."

వార్డులోంచి ఖాశింబీని పిలిపించాము. ఆమెకు మా ఆశ్చర్యమే ఆశ్చర్యంగా ఉంది. "చేదు మాత్ర పిల్ల మింగుద్దా? కక్కేసిద్ది. అందుకని నెల మాత్రలూ కల్వంలో వేసి మెత్తంగా నూరి, బెల్లం పాకంలో పోసి, నువ్వులేసి ఉండలు చుడతా. ముప్ఫై మాత్రలకు ముప్ఫై ఉండలు. రోజుకొకటి. ఎన్ని నెలలైనా ఆ లెక్క తప్పలా."

"డాక్టరు గారికి చెప్పలేదా?"

"మాత్రలు ఇస్తన్నావా అనడిగాడు, ఇస్తన్నానని చెప్పినా. ఎట్టా ఇస్తన్నావని అడగలా గదా."

ముప్ఫైకి ముప్ఫై. ఒక్క క్షణం నాకూ అందులో తప్పు కనిపించలేదు. వెంకటప్పయ్య గారు మాత్రం డబ్బాలోకి తొంగిచూసి అడిగారు. "అమ్మా, ఉండలు చుట్టి దీంట్లో వేస్తావు గదా. పిల్ల ముందు ఏది తింటుంది?"

"పైనుండేది. అడుగుది ముందు తీస్తారా ఎవరన్నా?"

ఆ నాలుగు ఉండలనూ ఆ సాయంత్రమే కరిగించి కొలిచాను. ఒక్కొక్క దానిలో నూరు ఉండవలసింది, ముప్ఫై దగ్గర ఉంది. తక్కినది ఎక్కడికి పోయింది? ముందు తిన్న ఉండల్లోకే పోయి ఉండాలి. కానీ ఉండాలి అనేది కూడా అంకె కాదు. డాక్టరు గారి ముందు పెట్టడానికి అది చాలదు. కొత్త నెల మాత్రలతో ఖాశింబీ చేత ఉండలు చేయించి అన్నీ కొలవవలసిందే.

వరండాలో పాకం

శనివారం పొద్దున ఆసుపత్రి వరండాలో కిరసనాయిలు పొయ్యి, ఇత్తడి గిన్నె, కల్వం, బెల్లం సిద్ధమయ్యాయి. గిన్నె, కల్వం తనవే కావాలని ఖాశింబీ పట్టుబడితే మస్తాన్ వలి వాటిని కూడా లారీలో మోసుకొచ్చాడు. రెహానా కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ముందు మందు లేకుండా రెండు ఉండలు చేసిపెట్టమ్మా," అన్నాను.

"మందు లేందాంతో నీకేం పని తల్లీ?"

"బెల్లం, నువ్వులు కూడా మా యంత్రాన్ని కాస్త మోసంచేస్తాయి. ఎంత మోసంచేస్తాయో తెలిస్తే ఆ వాటా తీసేస్తాను."

"బెల్లం కూడా అబద్ధం చెప్పుద్దంట, విన్నావటే?" అన్నది మనవరాలితో.

"దాదీ, ఈయమ్మకు కూడా రోజూ ఒక ఉండ పెట్టు. అప్పుడు తెలుస్తది," అన్నది రెహానా.

"నోరు మూసుకోవే. పెద్దోళ్ళతో ఏందా మాటలు?"

మందులేని ఉండలు అయ్యాక అసలు పని మొదలయింది. మాత్రలు నూరి పొడి పక్కన పెట్టింది. పాకం తీగ వచ్చిందో లేదో వేళ్ళతో చూసింది. "ఇంక కాస్త బెల్లం పడాలి," అని చెయ్యి చాచింది.

"కాస్త అంటే ఎంతమ్మా?" అన్నారు వెంకటప్పయ్య గారు, తక్కెడ చేతిలో పట్టుకుని. "కాస్త అనేది అంకె కాదు."

ఆమె ఆయనవైపు ఒకసారి, తక్కెడవైపు ఒకసారి చూసింది. "ఈ నాయన ఇంట్లో కూర ఎట్టా వండుకుంటారమ్మా?" అని నన్ను అడిగింది. మస్తాన్ వలి మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను.

పొడి పోసి, గరిటెతో నాలుగుసార్లు తిప్పి, గిన్నె దించింది. వేడి ఆరకముందే చుట్టాలని వేగంగా పైనుంచి తీస్తూ ఉండలు చేయసాగింది. చుట్టిన వరుసలో ఒక్కొక్క దాన్నీ అంకె వేసిన కాగితంలో పెట్టించుకున్నాను. పాకం తగ్గేకొద్దీ రంగు మారింది. అడుగుకు వచ్చేసరికి అట్లకాడతో గీకింది. గీకిన చోట బెల్లంలో తెల్లని నలకలు స్పష్టంగా కనిపించాయి. నేను వెంకటప్పయ్య గారివైపు చూశాను. ఆయన అప్పటికే అటే చూస్తున్నారు. పాకంలో కరగని పొడి, పిండి దిగినట్టు అడుగుకు దిగిపోయింది.

ఆ రోజూ, ఆదివారమూ ముప్ఫై ఉండలనూ కొలిచాము. ఆయన కూడా కోటు తగిలించుకుని నా పక్కన నిలబడి గాజుబుడ్డి ఊపారు. మొదట చుట్టిన పదింటిలో ముప్ఫై అయిదు మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. తర్వాతి పదింటిలో డెబ్బై దగ్గర. అక్కడినుంచి ఎక్కుతూపోయి, చివరి అయిదూ ఒక్కొక్కటి రెండు వందలు దాటాయి. చివర చుట్టినవి డబ్బాలో పైన ఉంటాయి. పిల్ల ముందు తినేది వాటినే. ప్రతి నెలా మొదటివారం రెట్టింపు మందు తిని తూలింది. చివరివారం మూడోవంతు మందు తిని మూర్ఛపోయింది. మాత్రలు అయిపోవచ్చినప్పుడే ఆసుపత్రికి వస్తారు కనక, రక్తం ఎప్పుడూ ఆ చివరివారంలోనే తీశాము. నా నాలుగు నిజమే. కానీ అది నెల మొత్తానికి నాలుగు కాదు, ఆ వారానికి నాలుగు.

అన్నిటినీ కూడితే రెండు గ్రాముల తొమ్మిది వందల మిల్లీగ్రాములు దాటింది. ముప్ఫై మాత్రల్లో ఉండేది మూడు గ్రాములు. మిగతాది కల్వానికి, గరిటెకు అంటుకున్నది.

సోమవారం

డాక్టరు గారు కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. రెండవసారి చదివారు. "రెండు మాత్రలు మొదలుపెట్టి ఉంటే మొదటి ఉండలో నాలుగు వందలు పోయి ఉండేది," అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. మందుచీటీ తీసి రెండును కొట్టివేసి మళ్ళీ ఒకటి వేశారు. ఆ తర్వాత నన్ను వెంటబెట్టుకుని వార్డుకు నడిచారు.

మంచం పక్కన ఖాశింబీ, మస్తాన్ వలి లేచి నిలబడ్డారు. పొడి అడుగుకు దిగిన సంగతి ఆయన ఓపికగా చెప్పారు. అంత ఓపిక ఆయనలో నేను అంతకుముందు చూడలేదు. విన్నాక ఖాశింబీ మంచంకోడు పట్టుకుని నేలమీద కూలబడింది.

"అయితే నా చేత్తో నేనే దాన్ని..."

"మామ్మా, ఇటు విను," అన్నారు డాక్టరు గారు. "నేను ముప్ఫై మాత్రలిచ్చాను. ముప్ఫై మాత్రల మందూ నీ ఉండల్లో దొరికింది. ఒక్కటి కూడా నువ్వు ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టావని అన్నది నేను. ఎలా ఇస్తున్నావని అడగనిది కూడా నేనే."

మస్తాన్ వలి తల్లి పక్కన కూర్చుని ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. "అమ్మా..."

"పోరా. నీ షెడ్డుకు పో," అన్నది. చెయ్యి మాత్రం తీసెయ్యలేదు.

చేయవలసిన మార్పు చిన్నది. ఏరోజు మాత్ర ఆరోజే రెండు చెంచాల మధ్య నలిపి, అంత బెల్లంలో కలిపి, ఆ చెంచాతోనే నోట్లో పెట్టడం. తర్వాతి నెల నడుమ ఒకసారి, చివర ఒకసారి రక్తం తీశాము. పదమూడు, పన్నెండు. తూలడం లేదు. మూర్ఛ రాలేదు.

అంకె పక్కన రాయవలసినవి

ఇది జరిగినప్పటినుంచి రక్తం నమూనా తీసుకునే ముందు మూడు సంగతులు అడగడం మా ప్రయోగశాలలో నియమమయింది. చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారు, ఈ సరుకు మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎలా వేసుకుంటున్నారు. మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబులు చెబితే మీరు నమ్మరు. మాత్రను పాలల్లో నానబెట్టి పైతేట తాగించినవారున్నారు. వేడి గంజిలో వేసి అందరితోపాటు పంచినవారున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగినవారు లేక చెప్పలేదు.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న యంత్రాలు మా యంత్రం చూడలేని దాన్ని చూడగలవు. నేను సంతోషిస్తున్నాను. కానీ ఏ తేదీన, ఏ మోతాదు తర్వాత తీసిన రక్తమో తెలియని అంకెను నేను ఇవాళ కూడా నమ్మను. మీరూ నమ్మవద్దు. తేదీ ఉన్నంత మాత్రాన చాలదని కూడా మరవవద్దు. నా దగ్గర మూడు నెలల అంకెలూ వాటి తేదీలూ ఉన్నాయి. ఆ మూడు తేదీలూ నెలలో ఒకే చోట పడ్డాయని చూడడానికి ఒక బిస్కెట్ల డబ్బా రావలసి వచ్చింది.

ఈ వృత్తి నాకు ఇచ్చినదానికి నేను ముగ్గురికి ఋణపడి ఉన్నాను. నా అరను వదిలిపెట్టని అధికారికి. తన చేత్తో రాసింది తన చేత్తోనే కొట్టివేసిన డాక్టరుకు. నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, నా అంకె కంటే తన మనవరాలు తనకు బాగా తెలుసునన్న ముసలమ్మకు. ఆమె ఆ రోజు తగ్గి, సరే మర్చిపోయి ఉంటానని ఒప్పుకుని ఉంటే, నేను కూడా నా అంకెతో తృప్తిపడి ఊరుకునేదాన్ని.

ఆ వర్షాకాలంలో ఖాశింబీ రెహానాను తీసుకుని మళ్ళీ వచ్చింది. పిల్ల అరచెయ్యి మానింది, మచ్చ మిగిలింది. చంకలో అదే బిస్కెట్ల డబ్బా. నా బల్లమీద పెట్టి మూత తీసింది. నిండా నువ్వుల ఉండలు.

"మీకే తల్లీ. ఇందులో మందు లేదు. నమ్మకపోతే కొలుచుకో."

"కొలవకుండా ఎవరూ ముట్టుకోవద్దు," అన్నారు వెంకటప్పయ్య గారు, లోపలి గదిలోంచి. నవ్వుతున్నారో లేదో కనపడలేదు.

ఖాశింబీ కొంగు సర్దుకుని స్టూలు మీద కూర్చుంది. "కొలవండి. నాకేం తొందర లేదు."

పైన ఒకటి, అడుగున ఒకటి తీసి కరిగించి, ఊపి, కాచి, యంత్రంలో పెట్టి, బెల్లం, నువ్వుల వాటా తీసేశాను. పంకా చప్పుడు నిలకడగా ఉంది.

"ఎంత?" అని అడిగారాయన.

"సున్నా అండి."

"రెండోదీ?"

"సున్నాయే."

ప్రయోగశాలలో తినకూడదన్నది నియమం కనక అందరం వరండాలోకి వెళ్ళాము. డాక్టరు రాజారత్నం గారు కూడా వచ్చారు. వెంకటప్పయ్య గారు ఒక ఉండ నిదానంగా నమిలి మింగారు. ఇంకొకటి తీసుకున్నారు. అదీ అయ్యాక అన్నారు.

"బాగుందమ్మా. తీపి మాత్రం కాస్త ఎక్కువైంది."

ఖాశింబీ డబ్బా మూత పెడుతూ ఆయనవైపు తిరిగింది.

"కాస్త అంటే ఎంత నాయనా? అది అంకె కాదు గదా."